నేలను బట్టి తడి: ఏ మట్టికి ఎంత నీరు, ఎన్ని రోజులకు

ఒకే బోరు కింద, ఒకే రోజు విత్తిన ఒకే పంట, గట్టుకు ఇటువైపు ఎర్ర చెలకలో నాలుగైదు రోజులకే మధ్యాహ్నం ఎండకు ఆకులు వాలుస్తుంది; అటువైపు నల్లరేగడిలో పది రోజులు దాటినా నిటారుగా నిలబడుతుంది. దీన్ని చూసే 'రేగడికి నీళ్లు తక్కువ పడతాయి, చెలకకు ఎక్కువ పడతాయి' అన్న అభిప్రాయం రైతుల్లో స్థిరపడింది. అయితే మొక్క రోజుకు తాగే నీరు ప్రధానంగా ఎండ, గాలి, ఆకు పరిమాణం, పంట దశ మీద ఆధారపడుతుంది కాబట్టి, నేల మారినంత మాత్రాన పంట మొత్తానికి కావలసిన నీరు పెద్దగా మారదు. మారేది ఒక్కసారి పెట్టిన నీటిలో వేర్ల దగ్గర ఎంత ఆగుతుంది, అది ఎన్ని రోజులు వస్తుంది అన్నదే. ఇంట్లో మనుషులు తాగే నీరు మారకపోయినా బిందె చిన్నదైతే ఎక్కువసార్లు తెచ్చుకోవలసి వస్తుంది. చెలక చిన్న బిందె, రేగడి పెద్ద బిందె. అందువల్ల 'ఎన్ని రోజులకు ఒక తడి' అని అడిగే ముందు, తన నేల ఒక్క తడిలో ఎంత నీరు పట్టుకోగలదో రైతు తెలుసుకోవాలి. ఆ లెక్క వేసే పద్ధతినీ, మన ప్రాంతపు నేలల్లో దాన్ని అమలు చేయవలసిన తీరునీ ఇక్కడ వివరిస్తున్నాను.

నీరు మట్టిలో ఎలా నిలుస్తుంది

మట్టిలో రేణువులు మూడు రకాలు. 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల వరకు ఉన్నవి ఇసుక, అంతకన్నా సన్నగా 0.002 మిల్లీమీటర్ల వరకు ఉన్నవి ఒండ్రు, ఇంకా సన్ననివి బంకమన్ను. ఇసుక రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి కావడంతో నీరు వేగంగా దిగుతుంది, అంతే వేగంగా కిందికి పోతుంది. బంకమన్నులో ఖాళీలు లెక్కకు ఎక్కువ, కానీ ప్రతి ఖాళీ అతి సన్నం. నీరు మెల్లగా దిగుతుంది, దిగిన తరువాత గట్టిగా పట్టుబడి ఉంటుంది.

తడి పెట్టగానే ఖాళీలన్నీ నిండుతాయి. ఆ తరువాత పెద్ద ఖాళీల్లోని నీరు బరువు వల్ల కిందికి జారిపోయి గాలికి చోటిస్తుంది. ఇసుక పాలు ఎక్కువున్న తేలిక నేలల్లో ఇది ఒక రోజులో, బంకమన్ను ఎక్కువున్న బరువు నేలల్లో రెండు మూడు రోజుల్లో పూర్తవుతుంది. ఆ దశలో నేలలో మిగిలిన నీటి స్థాయిని శాస్త్రజ్ఞులు క్షేత్ర సామర్థ్యం అంటారు; రైతులు చెప్పే మంచి పదును దాదాపు అదే. అక్కడి నుంచి మొక్క తాగుతూ పోగా, మిగిలిన నీటిని వేరు లాగలేని స్థితి వస్తుంది. దాన్ని శాశ్వతంగా వడలే స్థాయి అంటారు. ఈ రెండు స్థాయిల మధ్య ఉన్న నీరు మాత్రమే పంటకు దక్కుతుంది.

ఇక్కడ చేతి స్పర్శ తరచుగా మోసం చేస్తుంది. బంకమన్ను తన నీటిలో గణనీయమైన భాగాన్ని వేరుకు అందనంత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, రేగడి మట్టి చేతికి చల్లగా, తేమగా తగులుతున్నప్పుడే పైరు వడలడం మొదలుపెట్టవచ్చు. అదే ఇసుక నేలలో కొద్దిపాటి తేమ కూడా వేరుకు సులభంగా దొరుకుతుంది, కాకపోతే త్వరగా అయిపోతుంది. ఒక నేలలో అలవాటైన అంచనాను మరో నేలకు వర్తింపజేయకూడదనడానికి ఇదే కారణం.

అంకెల్లో చెప్పాలంటే, మీటరు లోతు నేలలో పంటకు దక్కే నీరు ఇసుక నేలల్లో సుమారు 25 నుంచి 100 మిల్లీమీటర్లు, ఇసుక, ఒండ్రు, బంకమన్ను మూడూ కలిసిన గరప నేలల్లో 100 నుంచి 175, బంకమన్ను నేలల్లో 175 నుంచి 250 మిల్లీమీటర్లు ఉంటుంది. నీరు లోపలికి ఇంకే వేగం ఇందుకు తలకిందులుగా ఉంటుంది. ఇసుకలో గంటకు 30 మిల్లీమీటర్లకు మించి, ఇసుక పాలు ఎక్కువున్న గరపలో 20 నుంచి 30, గరపలో 10 నుంచి 20, బంక గరపలో 5 నుంచి 10, నిండు బంకమన్నులో 1 నుంచి 5 మిల్లీమీటర్లు ఇంకుతుంది. ఎక్కువ పట్టుకునే నేల మెల్లగా తాగుతుంది, తక్కువ పట్టుకునే నేల గబగబా తాగుతుంది. నీటి యాజమాన్యంలోని చిక్కులు చాలావరకు ఈ వైరుధ్యం నుంచే పుడతాయి.

ముందుగా మీ నేల ఏదో తేల్చుకోండి

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు చాలామంది రైతుల దగ్గర ఉంది. అందులో ఉదజని సూచిక (pH), లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, పోషకాలు కలిపి 12 అంశాలు ఉంటాయి. ఎరువుల నిర్ణయానికి అది అవసరమే, కానీ నేలలో ఇసుక ఎంత, బంకమన్ను ఎంత అన్నది ఆ అంశాల్లో లేదు. తడుల నిర్ణయానికి అసలు కావలసింది అదే కాబట్టి, దాన్ని ఎవరికి వారు తేల్చుకోవాలి. ఇందుకు ప్రయోగశాల తప్పనిసరి కాదు.

మొదటిది చేతి పరీక్ష. పిడికెడు మట్టిలోంచి గులకరాళ్లు, వేర్లు ఏరివేసి, కొద్దికొద్దిగా నీరు చేర్చి చపాతీ పిండిలా పిసకాలి. ఉండ కట్టకుండా రాలిపోతే అది ఇసుక నేల. ఉండ కట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా ఒత్తబోతే రెండు సెంటీమీటర్ల లోపే తెగిపోతే ఇసుక గరప లేదా గరప. పట్టీ మూడు నాలుగు సెంటీమీటర్లు వస్తే బంక గరప. ఐదు సెంటీమీటర్లు దాటి సాగుతూ, మెరుస్తూ, చేతికి జిగటగా అంటుకుంటే బంకమన్ను. తడి మట్టిని వేళ్ల మధ్య రుద్దినప్పుడు గరగరలాడితే ఇసుక పాలు ఎక్కువనీ, సబ్బులా జారితే ఒండ్రు పాలు ఎక్కువనీ గుర్తించాలి.

రెండవది సీసా పరీక్ష. నిలువు గోడలున్న గాజు సీసాలో మూడో వంతు వరకు పొడి మట్టి, ఆపైన నీరు పోసి, చిటికెడు బట్టల సోడా వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టాలి. నిమిషంలో అడుగున చేరేది ఇసుక. రెండు గంటలకు దానిపై పేరుకునేది ఒండ్రు. ఒకటి రెండు రోజుల తరువాత పైన కూర్చునేది బంకమన్ను. మూడు పొరల మందాన్ని స్కేలుతో కొలిస్తే నిష్పత్తి దాదాపుగా తెలిసిపోతుంది.

వీటికన్నా ముఖ్యమైనది గొయ్యి తవ్వి చూడడం. ఎకరానికి ఒకటి రెండు చోట్ల మీటరు లోతు తవ్వండి. పైన చక్కటి ఎర్రమట్టి కనిపిస్తున్నా అడుగు లోతులోనే మొరం తగిలితే, ఆ చేను నీటి నిల్వ ఆ అడుగుకే పరిమితం. గులకరాళ్లు నీటిని దాదాపు పట్టుకోవు కాబట్టి, మట్టిలో పావు వంతు రాళ్లుంటే నిల్వ లెక్కలోనూ పావు వంతు కోసివేయాలి. లంక నేలల్లో ఒండ్రు పొర కింద ఇసుక పొర ఉండడం సాధారణం. సన్నమట్టి నుంచి ముతక ఇసుకలోకి నీరు వెంటనే దిగదు. పై పొర బాగా నిండిన తరువాతే దిగుతుంది. అంటే పై పొర ఊహించినదానికన్నా కొంత ఎక్కువ నీరు ఆపుతుంది, కానీ అది నిండిన తరువాత పెట్టే ప్రతి చుక్కా ఇసుకలోకి జారిపోతుంది.

తడి లెక్క వేయడం

పంట వేరు ఎంత లోతు నుంచి నీరు తాగుతోందో గొయ్యి తవ్వి చూస్తే తెలుస్తుంది. కూరగాయల్లో చాలావరకు 30 నుంచి 45 సెంటీమీటర్లు, పత్తి, మిరప వంటి వాటిలో ఎదిగిన తరువాత 60 సెంటీమీటర్లు, అడ్డు లేకపోతే అంతకు మించి కూడా ఉంటాయి. ఆ లోతులో దక్కే నీటిలో సగం ఖర్చయ్యే సరికి తదుపరి తడి అందాలన్నది ఎక్కువ పంటలకు సరిపోయే నియమం. ఆకుకూరలు, ఉల్లి వంటి పైవేరు పంటలకు మూడో వంతు ఖర్చు కాగానే తడి పెట్టాలి.

ఉదాహరణకు, మీటరుకు 100 మిల్లీమీటర్లు పట్టే ఎర్ర చెలకలో వేరు 40 సెంటీమీటర్ల లోతు ఉందనుకుందాం. వేరు ప్రాంతంలో దక్కే నీరు 40 మిల్లీమీటర్లు, అందులో సగం 20. పంట రోజుకు 5 మిల్లీమీటర్లు తాగుతుంటే నాలుగు రోజులకు ఒక తడి, ఆ తడి 20 మిల్లీమీటర్లు. మీటరుకు 200 మిల్లీమీటర్లు పట్టే రేగడిలో వేరు 60 సెంటీమీటర్లు దిగితే దక్కేది 120, సగం 60. అదే పంటకు పన్నెండు రోజులకు ఒక తడి, ఆ తడి 60 మిల్లీమీటర్లు. నెల మొత్తానికి రెండింటిలోనూ ఖర్చయ్యేది 150 మిల్లీమీటర్లే. చలికాలంలో నిండుగా ఎదిగిన పైరు రోజుకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, ఎండాకాలంలో 6 నుంచి 8 మిల్లీమీటర్లు వాడుతుందని అంచనా వేసుకుని విరామాన్ని సవరించుకోవాలి. లేత పైరుకు ఇందులో సగం కూడా పట్టదు.

ఇప్పుడు ఈ మిల్లీమీటర్లను మోటారు గంటల్లోకి మార్చాలి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,047 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్మును బోరు పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 72 సెకన్లు పడితే గంటకు 10,000 లీటర్లు వస్తున్నట్టు. అలాంటి బోరుతో చెలక ఎకరానికి 20 మిల్లీమీటర్ల తడికి 81 వేల లీటర్లు, అంటే ఎనిమిది గంటల పారకం చాలు. రేగడి ఎకరానికి 60 మిల్లీమీటర్ల తడికి 2 లక్షల 43 వేల లీటర్లు, అంటే ఇరవై నాలుగు గంటలు. మట్టి కాలువలో ఇంకిపోయేది, మడి చివర పొర్లిపోయేది దీనికి అదనం. బోరు నీటి మట్టం ఎండాకాలంలో తగ్గుతుంది కాబట్టి డ్రమ్ము పరీక్షను పంటకాలంలో రెండు మూడుసార్లు చేయాలి.

ఈ లెక్క చేతిలో ఉంటే ఆటో స్టార్టర్ పెట్టి కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఆడించే అలవాటు ఎంత నష్టమో కళ్లకు కడుతుంది. చెలకలో ఎనిమిది గంటలు చాలిన చోట పదహారు గంటలు పారిస్తే, రెండో ఎనిమిది గంటల నీరు వేరును దాటి కిందికి పోతుంది; పోతూ పోతూ యూరియా నుంచి కరిగిన నత్రజనిని కూడా వెంట తీసుకుపోతుంది. తేలిక నేలల్లో నత్రజని ఎరువును ఎక్కువ దఫాలుగా వేయమని చెప్పడం ఇందుకే.

ఎర్ర చెలక నేలలు

తెలంగాణలో పెద్ద విస్తీర్ణంలోనూ, అనంతపురం వంటి రాయలసీమ జిల్లాల్లోనూ ఇవే ప్రధానం. వీటి బలం త్వరగా పదునుకు రావడం, వేరుకు గాలి బాగా ఆడడం. బలహీనత నిల్వ తక్కువ కావడం, దానికి తోడు పైపొర బిగుసుకుపోవడం. వాన చినుకుల దెబ్బకు పైమట్టి చెదిరి, ఆరిన తరువాత బిళ్లకట్టి, విత్తనం మొలక బయటికి రాకుండా అడ్డుపడుతుంది. తరువాతి వాన ఇంకకుండా పొర్లిపోవడానికీ అదే కారణం. లోపల ఇసుక పాలు ఎంత ఉన్నా పైన ఆ బిళ్ల ఉన్నంతవరకు నీరు లోపలికి దిగదు. అందువల్ల మొలక దశలో పైపొర బిగిస్తే తేలికపాటి తడి ఇచ్చి మెత్తబరచాలి. పైరు నిలిచిన తరువాత ప్రతి వాన తరువాతా గుంటక తోలుతూ బిళ్లను పగలగొట్టాలి.

ఈ నేలల్లో మడులు చిన్నవిగా, చాళ్లు పొట్టిగా ఉండాలి. దాదాపు చదునుగా ఉన్న చేలో బంకమన్ను అయితే చాలు పొడవు 100 మీటర్ల వరకు పోవచ్చు; ఇసుక పాలు ఎక్కువున్నప్పుడు 30 నుంచి 45 మీటర్లు దాటితే, నీరు చివరికి చేరేలోగా మొదట్లోని మొక్కలకు అవసరానికి రెండు మూడింతలు ఇంకిపోతుంది. వేరుశనగకు తుంపర సేద్యం ఈ నేలల్లో బాగా కుదురుతుంది, ఎందుకంటే స్ప్రింక్లరు చల్లే వేగం కన్నా నేల ఇంకించుకునే వేగం సాధారణంగా ఎక్కువ.

చెలక నిల్వను పెంచడానికి మన పెద్దలు కనిపెట్టిన మంచి మార్గం చెరువు మట్టి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతలో ఆ మట్టి చాలా చేలకు చేరింది. దానిలోని బంకమన్ను చెలకలోని ఇసుక రేణువుల మధ్య చేరి నీటిని ఆపుతుంది. కానీ తోలిన మట్టిని కుప్పలుగానో పైపొరగానో వదిలేస్తే ప్రయోజనం సగమే; ఎండకు గడ్డలు చిట్లిన తరువాత పలుచగా పరిచి దున్ని, కింది మట్టితో కలిసిపోయేలా చేయాలి. తోలే ముందు ఆ మట్టిలో లవణాలు ఎంత ఉన్నాయో పరీక్ష చేయించడం మరవకూడదు. పశువుల ఎరువు, జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట నీటి నిల్వను కొంత పెంచుతాయి. నా దృష్టిలో వాటి పెద్ద మేలు మట్టిని గుల్లబరచి, పైపొర బిళ్లకట్టకుండా ఆపి, పడిన వానను లోపలికి దించడంలోనే ఉంది.

నల్లరేగడి నేలలు

కర్నూలు, నంద్యాల, ప్రకాశం, గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల రేగడిని అర్థం చేసుకోవాలంటే దాని పగుళ్లను అర్థం చేసుకోవాలి. ఇందులోని బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుకుంటుంది. ఎండిన రేగడికి నీరు పెట్టినప్పుడు మొదట అది నెర్రెల్లో పడి చూస్తుండగానే అడుగుకు పోతుంది. కొద్దిసేపటికి మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, ఆపై గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి ఇంకదు. ఈ రెండు దశల తేడా తెలియక, నీరు పరుగెత్తనప్పుడు చాలలేదనీ, నిలబడినప్పుడు ఎక్కువైందనీ మడవ తిప్పడంలో పొరపడడం జరుగుతుంది.

నెర్రెలు వెంట్రుక మందం దాటి వేలు దూరేంత కాకముందే తడి అందాలి. వెడల్పైన నెర్రె పక్కవేర్లను తెంపుతుంది, లోపలి తేమను గాలికి వదిలేస్తుంది, పెట్టిన నీటిని వేరు కిందికి జార్చుతుంది. నీటి వసతి లేని చోట గుంటక, దంతె తోలి పైన రెండు మూడు అంగుళాల పొడిమట్టితో నెర్రెలను పూడ్చడమే మార్గం. నంద్యాల, ప్రకాశం రేగళ్లలో శనగను అక్టోబరు, నవంబరుల్లో విత్తి నిల్వ తేమ మీదనే పండించడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే: మీటరు లోతు రేగడి వానలకు నిండా తడిసిందంటే దాదాపు 200 మిల్లీమీటర్లు పంటకు దక్కే నీరు లోపల ఉన్నట్టే. అవకాశం ఉంటే పూతకు ముందు ఒక తేలికపాటి తడి, గింజ కట్టేటప్పుడు మరొకటి ఇవ్వవచ్చు. అంతకు మించితే శనగ కొమ్మ పెరిగి కాపు తగ్గుతుంది.

రేగడిలో ఎద్దడి కన్నా మురుగు తెచ్చే నష్టమే ఎక్కువసార్లు చూస్తాం. నీరు రెండు మూడు రోజులు నిలిస్తే వేరుకు గాలి అందక మిరప, కంది, పత్తి ఎర్రబడి వడలుతాయి. నీళ్ల మధ్యలో వడలిన మొక్కను చూసి మళ్లీ తడి పెట్టడం రైతును రెండింతలు దెబ్బతీస్తుంది. కాబట్టి తడి పెట్టే కాలువకన్నా ముందు మురుగు పోయే కాలువ తవ్వాలి. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నాయి. అక్కడి శాస్త్రజ్ఞులు రేగడి కోసం ప్రచారంలోకి తెచ్చిన వెడల్పు ఎత్తు మడుల పద్ధతిలో సుమారు మీటరు వెడల్పు మడి, దాని పక్కన అర మీటరు కాలువ ఉంటాయి. భారీ వానలో అదే కాలువ మురుగును తీస్తుంది, బెట్టలో అదే కాలువ తడిని తెస్తుంది. రెండు అవసరాలకూ ఒకే ఏర్పాటు సరిపోతుంది కాబట్టి రేగడి రైతులకు నేను మొదట సూచించేది ఇదే.

రేగడిలో నీరు పక్కలకు కూడా బాగా పాకుతుంది. దీన్ని ఉపయోగించుకుని పత్తి, మిరప, మొక్కజొన్నల్లో ఒక చాలు విడిచి ఒక చాలుకు నీరు పెట్టి, తరువాతి తడిలో విడిచిన చాళ్లకు పెట్టవచ్చు. ఇసుక నేలలో ఇదే పని చేస్తే నీరు నిట్టనిలువుగా దిగి, విడిచిన చాళ్ల పక్క మొక్కలు ఎండుతాయి. రేగడిలో స్ప్రింక్లరు వాడేటప్పుడు నేల పైన నీరు మెరవడం మొదలైందంటే ఇంకే వేగాన్ని మించి చల్లుతున్నట్టు. అక్కడ ఆపి, కొంత విరామం ఇచ్చి మళ్లీ నడపాలి.

ఇసుక నేలలు, లంకలు

బాపట్ల, చీరాల తీరంలోని ఇసుక నేలల్లో రైతులు దొరువులు (లోతు తక్కువ నీటి గుంటలు) తవ్వి, పైపైన తేలే మంచినీటిని తోడి కూరగాయలకు, నారుమళ్లకు వాడుతూ వచ్చారు. ఆ పద్ధతిలో రెండు జాగ్రత్తలు ఇమిడి ఉన్నాయి. నీటిని కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వడం మొదటిది. ఒకేసారి లోతుగా తోడి కింది ఉప్పునీటిని పైకి లాగకుండా ఉండడం రెండవది. బలమైన మోటారుతో గంటల తరబడి తోడితే ఆ రెండో జాగ్రత్త తప్పుతుంది. ఒకసారి ఉప్పునీరు పైకి వచ్చిన దొరువు మళ్లీ తేరుకోవడానికి మంచి వానలు పడాలి.

ఇసుకలో తడికి 10 నుంచి 15 మిల్లీమీటర్లకు మించి పెట్టడం వృథా. వరిగడ్డి, ఎండుటాకు, చెరకు చెత్త వంటివాటితో నేలను కప్పితే పైనుంచి ఆవిరయ్యే నష్టం బాగా తగ్గుతుంది. గోదావరి లంకల్లో ఒండ్రు లోతుగా ఉన్న చోట ఇంత కట్టడి అక్కరలేదు. అక్కడ గొయ్యి తవ్వి ఇసుక పొర ఎంత లోతున ఉందో చూసి, ఆ పై భాగానికే లెక్క వేసుకుంటే చాలు.

చౌడు నేలలు

పాలచౌడులో లవణాలు తెల్లగా పైకి తేలతాయి. నేలలో తేమ ఉన్నా లవణాల వల్ల వేరు దాన్ని లాగలేదు, కాబట్టి నేలను మరీ ఆరనివ్వకుండా తడులు దగ్గర దగ్గరగా ఇవ్వాలి. అప్పుడప్పుడు మంచినీటిని అవసరానికి మించి పెట్టి లవణాలను కిందికి కడగాలి. మురుగు కాలువ లేకుండా కడగడం అంటే లవణాన్ని అక్కడే కలియబెట్టడమే. కారుచౌడు వేరు. దానిలో సోడియం వల్ల మట్టి రేణువులు విడిపోయి రంధ్రాలు మూసుకుంటాయి. పెట్టిన నీరు బురదరంగులో రోజుల తరబడి నిలుస్తుంది, ఉదజని సూచిక 8.5 దాటుతుంది. అక్కడ భూసార పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేసి, కలియదున్ని, నీరు నిలగట్టి, ఆ నీటిని బయటికి తీసివేసిన తరువాతే తడుల మాట ఆలోచించాలి.

వరి, డ్రిప్, పండ్ల తోటలు

వరికి దమ్ము చేయడమంటే నేల రంధ్రాలను కావాలని మూయడమే. బంకమన్ను ఉన్న చోట ఆ మూత నిలుస్తుంది. చెలకలో నిలవదు, మడిలో కట్టిన నీరు రోజురోజుకూ కిందికి ఇంకుతూనే ఉంటుంది. బోరు కింద చెలకలో యాసంగి వరి వేసిన రైతు నీటిలో పెద్ద భాగం పంటకు కాక నేల అడుగుకు పెడుతున్నాడు. అలాంటి చోట మొక్కజొన్న, వేరుశనగ, కూరగాయల వంటి ఆరుతడి పంటలు మేలని నా గట్టి అభిప్రాయం. వరి తప్పనిసరి అయితే, రంధ్రాలు చేసిన పైపును మడిలో పాతి, లోపలి నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగిన తరువాతే మళ్లీ నీరు కట్టే పద్ధతిని పాటించాలి. పూత దశలో మాత్రం నీరు పలుచగా నిలిచే ఉండాలి. రేగడిలో ఇదే పద్ధతి అనుసరించేటప్పుడు నేల లోతుగా నెర్రెలిచ్చేదాకా ఆగకూడదు, ఎందుకంటే ఆ నెర్రెలు దమ్ములో కట్టిన మూతను చీల్చివేస్తాయి.

డ్రిప్‌లో డ్రిప్పరు కింద తడిసిన మేర ఇసుకలో ముల్లంగిలా నిలువుగా, బంకమన్నులో ఉల్లిగడ్డలా వెడల్పుగా ఉంటుంది. అందుకే ఇసుక నేలలో డ్రిప్పర్లు 30 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో దగ్గరగా ఉండి, రోజు నీటిని ఉదయం కొంత, సాయంత్రం కొంతగా ఇవ్వాలి. రేగడిలో 60 సెంటీమీటర్ల దూరం సరిపోతుంది. గంటకు 2 లీటర్లు వదిలే డ్రిప్పరు వాడితే పైన నీరు నిలవదు, రెండు మూడు రోజులకోసారి నడిపినా చాలు. పక్క రైతు నేల వేరైనప్పుడు అతని డ్రిప్ గంటలను అనుసరించడం వల్ల మేలు జరగదు.

బత్తాయి, నిమ్మ తోటల్లో నీరు కాండాన్ని తాకకుండా చెట్టు మొదట చిన్న మట్టి వలయం, దాని వెలుపల పెద్ద వలయం కట్టి రెండింటి మధ్యనే నీరు పారించాలి. బరువు నేలల్లో ఈ జాగ్రత్త లేకపోతే మొదలు దగ్గర తడి ఆరక బంక తెగులు వస్తుంది.

పెట్టిన తడి సరిపోయిందా అని చూడడం

లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా, నేల ఏం చేసిందో కళ్లతో చూడాలి. మొనదేలిన, వేలి మందపు ఇనుప ఊచ ఒకటి మోటారు షెడ్డులో ఉంచుకోండి. తడి పెట్టిన మరునాడు చెలకలో, రెండు మూడు రోజుల తరువాత రేగడిలో, ఊచను చేత్తో నొక్కండి. తడిసిన మేర సులభంగా దిగి, పొడి మట్టి రాగానే ఆగుతుంది. వేరు 40 సెంటీమీటర్ల లోతు ఉంటే ఊచ 20 దగ్గరే ఆగినప్పుడు తడి చాలలేదు; అప్పుడు వేర్లు పైపైనే తిరిగి పైరు బెట్టకు తట్టుకోలేదు. 70 దాకా దిగితే మోటారు గంటలు తగ్గించాలి. రాళ్లున్న నేలలో ఊచ రాయికి తగిలి ఆగవచ్చు కాబట్టి చేను మొదట్లో, మధ్యలో, చివర్లో కొన్నేసి చోట్ల గుచ్చి చూడాలి. మొదట్లో లోతుగా, చివర్లో పైపైన దిగుతుంటే లోపం నీటి మొత్తంలో కాదు, చాలు పొడవులోనో వాలులోనో ఉంది.

తదుపరి తడి ఎప్పుడో తేల్చడానికి వేరు లోతులో సగం దగ్గరి మట్టి తీసి పిడికిట బిగించండి. చెలక మట్టి ఉండ కట్టి, కాస్త తాకగానే విరిగిపోతుంటే తడికి సమయం దగ్గరపడింది. ఉండ కట్టనే కట్టకపోతే ఆలస్యమైంది. రేగడి మట్టి ఉండ కట్టి కూడా పట్టీలా సాగకుండా విరుగుతుంటే మడవ తిప్పవచ్చు. నేల నీటిని ఎంత గట్టిగా పట్టుకుందో సెంటీబార్లలో చూపే టెన్షియోమీటరు కొనగలిగినవారు తేలిక నేలల్లో 30 నుంచి 40 సెంటీబార్ల దగ్గర, బరువు నేలల్లో 50 నుంచి 70 దగ్గర తడి పెట్టవచ్చు. తడి పెట్టిన తేదీ, మోటారు ఆడిన గంటలు, ఊచ దిగిన లోతు, మధ్యలో పడిన వాన, ఈ నాలుగూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే వచ్చే పంటకాలానికి మీ చేనుకు తగిన విరామం పైన ఇచ్చిన అంచనా అంకెల నుంచి కాక మీ నేల నుంచే వస్తుంది.